బండి కొనే ముందు దాని కిందకి దూరి చూడు

అమ్మలూ,

మన్యం కొండల్లో తిరగడానికి సెకండ్‌హ్యాండ్‌లో కొంటానంటూ నువ్వు పంపిన మారుతి జిప్సీ ఫోటోలు చూశాను. బండి ముచ్చటగా ఉంది. కానీ నీకు అది వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో, బదులుగా ఏం చూడాలో ఫోన్లో చెబితే సగమే గుర్తుంటుంది కాబట్టి రాస్తున్నాను.

జిప్సీ అంటే నాకు చాలా గౌరవం. పాడేరు, జి.మాడుగుల వైపు డ్యూటీ చేసిన రోజుల్లో దాన్ని వానల్లో కూడా నడిపాను. బరువు దాదాపు టన్నే కాబట్టి, పెద్ద బళ్లు కూరుకుపోయే బురదలో కూడా దాటి వచ్చేస్తుంది. అయితే 1985లో వచ్చిన డిజైన్ అది. ముందూ వెనకా లారీల్లో లాంటి కమాన్ పట్టీలే, కుదుపెక్కువ. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. మామూలు జనానికి అమ్మడం 2019కల్లా ఆగిపోయింది, కాబట్టి నీకు దొరికేవన్నీ పాతబడినవే. హైదరాబాద్ నుంచి లంబసింగికి నువ్వు ఐదు వందల కిలోమీటర్లకు పైగా హైవే మీద రావాలి. మట్టి రోడ్డు మీద నడిపేది చివరి కొంచెం దూరమే. ఆ కొంచెం కోసం మిగతా దారంతా లారీల మధ్య ఎయిర్‌బ్యాగు లేని బండిలో నువ్వు, నీ ఫ్రెండ్స్ వస్తుంటే ఇక్కడ మీ అమ్మకీ నాకూ నిద్ర పట్టదు. 2020కి ముందు వచ్చిన పాత మహీంద్రా థార్‌కి కూడా ఎయిర్‌బ్యాగులు లేవు. పైగా వెనక సీట్లు పక్కకు తిరిగి ఉంటాయి. అదీ వద్దు.

నీ బడ్జెట్ ఎనిమిది లక్షలన్నావు. ఆ డబ్బుకి నేనైతే మహీంద్రా స్కార్పియోలో ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ అందేది వెతుకుతాను. 2014 తర్వాతది, ఎంహాక్ అనే డీజిల్ ఇంజన్‌ది, ఎయిర్‌బ్యాగులున్న పై వేరియంట్. అది దొరక్కపోతే రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్. రెండిటికీ తేడా ఉంది, అది తెలుసుకుని కొను.

స్కార్పియోలో నాబ్ తిప్పితే ఫోర్ హై, ఫోర్ లో వస్తాయి. ఫోర్ హైలో మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలకీ పవర్ అందుతుంది. ఫోర్ లోలో బండి చాలా నెమ్మదిగా, చాలా బలంగా కదులుతుంది. ఎక్కడానికి అది పనికొస్తుందని అందరికీ తెలుసు. నేను చూసినంతలో దాని అసలు ఉపయోగం దిగేటప్పుడే. తడి మట్టి దిగుడులో బ్రేకు తొక్కితే చక్రాలు పట్టు తప్పి బండి జారిపోతుంది. ఫోర్ లోలో ఫస్ట్ గేరు వేసి పాదం బ్రేకు మీద నుంచి తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుని దింపుతుంది. వంజంగి, మారేడుమిల్లి వైపు వానాకాలంలో వెళ్తానంటున్నావు కాబట్టి నాకు ఇదే ముఖ్యం. డస్టర్‌లో ఈ లో గేరు వేరుగా ఉండదు. దాని బదులు ఫస్ట్ గేరునే బాగా చిన్నగా పెట్టారు. మామూలు మట్టి రోడ్లకి అది చాలు. హైవే మీద స్కార్పియో కన్నా హాయిగా ఉంటుంది, మలుపుల్లో ఊగదు. కానీ డీజిల్ డస్టర్ 2020తో ఆగిపోయింది. వెనక చక్రాలకి పవర్ పంపే కప్లింగ్ లాంటివి పాడైతే లంబసింగి దగ్గర చింతపల్లిలో ఏ మెకానిక్కూ చేయలేడు. స్కార్పియో అయితే ఎవరైనా విప్పుతారు. డస్టరే కొంటే టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడుగు. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. అది తెగితే ఇంజన్ పోయినట్టే.

ఇప్పుడు బండి చూడటం. పెయింట్, సీట్ కవర్లు, స్క్రీన్ ఇవేమీ చూడకు. చాప పట్టుకెళ్లి బండి కింద పడుకో. వెనక డోరు మీద 4x4 అని స్టిక్కరున్నంత మాత్రాన నమ్మొద్దు. మామూలు బండికి కూడా అది అంటించి అమ్ముతారు. ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ పవర్ పంచే గేర్ల డబ్బా) ఉండాలి, గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే డబ్బా) ఉండాలి, అక్కడి నుంచి ముందుకి ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే తిరిగే ఇనుప గొట్టం పోవాలి. డస్టర్‌లోనైతే వెనక డిఫరెన్షియల్, దానికి వెళ్లే షాఫ్ట్ చూడు. తర్వాత ఛాసిస్, అంటే కింది ఇనుప చట్రం పొడవునా చేత్తో తడిమి చూడు. విశాఖ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండికి ఉప్పుగాలి వల్ల తుప్పు లోపల్నుంచి తింటుంది, పైన నల్ల పెయింట్ కొట్టి దాచేస్తారు. వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే అక్కడితో ఆపేసి వచ్చేయి.

వరదలో మునిగిన బండి ఇంకా ప్రమాదం. చెన్నైలో 2015 డిసెంబరులో, హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో ఎన్ని బళ్లు మునిగాయో నీకు తెలుసు. సీటు బెల్టు చివరి దాకా లాగి చూడు. సీట్ల కింద పట్టాలకు తుప్పుందేమో చూడు. ఎంత కడిగినా ఆ మూలల్లో బురద గీత మిగిలే ఉంటుంది.

స్కార్పియోని నడిపి చూసేటప్పుడు తారు రోడ్డు మీద ఫోర్ హై వేయనివ్వకు. ఎండు తారు మీద మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగలేక గేర్లు బిగుసుకుంటాయి. ఖాళీ మట్టి స్థలానికి తీసుకెళ్లి వేయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పు. స్టీరింగ్ బరువెక్కి బండి లాగినట్టుంటే ముందు చక్రాలకు పవర్ అందుతున్నట్టు. ఏ తేడా లేకపోతే పని చేయడం లేదు. ఫోర్ లోకి మాత్రం బండి పూర్తిగా ఆగాలి, న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి తిప్పాలి. డాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు ఆగకుండా ఆరుతూ వెలుగుతూనే ఉంటే లోపముంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపినప్పుడు చక్రం దగ్గర టక్ టక్ అంటే యాక్సిల్ జాయింటు అరిగింది. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కొంచెం తీయించి చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులోకి నీళ్లు దిగాయి. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, ఒకేలా అరిగినవి ఉండాలి. డస్టర్‌కి ఇది మరీ ముఖ్యం.

కాగితాల సంగతి. రవాణా శాఖ, పోలీసుల వెబ్‌సైట్లలో నంబరు కొట్టి లోను, ఇన్సూరెన్సు, చలాన్లు చూడు. లోనుంటే బ్యాంకు నుంచి క్లియరెన్సు వచ్చేదాకా ఒక్క రూపాయి ఇవ్వకు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టడంతో అక్కడివి చవగ్గా ఇక్కడికి వచ్చాయి. ఆ ధర చూసి మోసపోకు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తేవాలి, తెలంగాణలో లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. మన ఆంధ్ర బండి కొన్నా నీకు అదే తలనొప్పి, కాబట్టి టీఎస్ నంబరుదే వెతుకు. సస్పెన్షన్ ఎత్తు పెంచినవీ ఇంజన్ మార్చినవీ ముట్టుకోకు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అలాంటి బండికి యాక్సిడెంటైతే ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు.

ఎనిమిది లక్షలూ బండికే పెట్టకు. ఏడులో ముగించు. ఆ మిగిలిన లక్ష టైర్లకీ, అన్ని ఆయిళ్లు మార్చడానికీ, క్లచ్ ప్లేటుకీ, లాగే తాడుకీ కావాలి. పలుగూ పారా ఇంటి దగ్గరున్నాయి, నేను తెస్తాను.

ఇంకొకటి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని రిజర్వు ఫారెస్టులోకి పర్మిషన్ లేకుండా దిగొద్దు. శ్రీశైలం వెళ్తే రాత్రి తొమ్మిదికి నల్లమల గేట్లు మూసేస్తారు, పొద్దున ఆరింటికే తీస్తారు. అక్కడ జంతువులున్నాయి కాబట్టే ఆ రూలు. తొందరపడి పరుగెత్తకు. గెడ్డ (వాగు) దాటాల్సి వస్తే ఒకరు ముందు నడిచి చూడాలి. నీళ్లు సగం చక్రం దాటితే వెనక్కి వచ్చేయండి.

నచ్చిన రెండు మూడు బళ్ల నంబర్లు నాకు పంపు. టోకెన్ అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకు. నేను శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి శనివారం పొద్దున దిగుతాను. ఆ రోజంతా అవే చూద్దాం. వీలైతే నీకు తెలిసిన మెకానిక్కుని కూడా రమ్మను, బండి లిఫ్టు మీద ఎక్కించి చూడాలి.

అమ్మ చింతకాయ పచ్చడి కడుతోంది.

మీ నాన్న
నర్సీపట్నం