ధర చెబితే చాలదు, తక్‌పట్టీ కూడా ఫోన్‌కు రావాలి

సంపాదకులకు నమస్కారం.

పత్తి, మిర్చి యార్డులకు చేరే రోజులు వచ్చాయంటే ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. ఏ మార్కెట్లో ఏ ధర పలుకుతోందో రైతు ఫోన్‌కు పంపిస్తే చాలు, దళారుల ఆట కట్టినట్టేనని. ఇందులో నిజం కొంతే ఉంది. ఫోన్, ధర, రైతు అనే ముడి మీద మన దేశంలోనే మంచి పరిశోధనలు జరిగాయి. అవేం తేల్చాయో చూడకుండానే యాప్ మీద యాప్ తెస్తున్నాం. ధరతో పాటు తక్‌పట్టీ, అంటే అమ్మకం అయ్యాక తూకం, కోతలు, చేతికొచ్చేది రాసిచ్చే చీటీ, కూడా రైతు ఫోన్‌కు రావాలన్నది మా మాట.

అందరూ ముందుగా చెప్పేది కేరళ సంగతి. 1997 నుంచి 2001 లోపు కోజికోడ్, కన్నూర్, కాసరగోడ్ జిల్లాల తీరంలో సెల్ టవర్లు లేచాయి. సముద్రంలోకి 20, 25 కిలోమీటర్ల దాకా సిగ్నల్ అందేది. కవళ్లు (సార్డిన్ చేపలు) పట్టిన పడవవాళ్లు ఒడ్డుకు రాకముందే నాలుగు రేవులకు ఫోన్ చేసి, గిరాకీ ఉన్నచోటికి పడవ మళ్లించడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన లెక్కల్లో పడవవాళ్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు చేప ధర 4 శాతం తగ్గింది, కొనే దిక్కులేక పారబోసే సరుకు దాదాపు లేకుండా పోయింది.

ఈ ఫలితాన్ని తెచ్చి మిర్చి రైతుకు అంటగడితే కుదరదు. పడవకు చుక్కాని తిప్పితే మరో రేవు దొరుకుతుంది. మిర్చి రైతుకు విత్తనం నాటి నుంచి కోత కూలీల దాకా పెట్టుబడి ఇచ్చింది కమీషన్ వ్యాపారే అయితే, పక్క యార్డులో ధర ఎంత ఉన్నా బస్తాలు దిగేది ఆ కొట్టు ముందే.

మహారాష్ట్రలో 100 గ్రామాల్లో ధరలు, వాతావరణం, పంట సలహాలు ఎస్సెమ్మెస్‌గా పంపి చూశారు. ఉల్లి, టమాటా, దానిమ్మ, సోయా, గోధుమ రైతులు వాళ్లు. పరిశోధకులు ఫాఫ్‌షాంప్, మింటెన్ 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం సందేశాలు అందుకున్నవాళ్లకూ అందుకోనివాళ్లకూ దక్కిన ధరలో సగటున చెప్పుకోదగ్గ తేడా లేదు. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ, పశ్చిమ మేదినీపూర్ జిల్లాల బంగాళాదుంప రైతులకు 2008లో టోకు ధరలు రోజూ చెప్పి చూసినా సగటు ధర పెరగలేదు. వాళ్లు సరుకు అమ్మేది ఊళ్లోని వ్యాపారికి. పెద్ద మార్కెట్టుకు నేరుగా వెళ్లే దారి లేనప్పుడు అక్కడి ధర తెలిసీ చేసేదేముంది?

మధ్యప్రదేశ్‌లో మాత్రం వేరేలా జరిగింది. 2000 అక్టోబరు నుంచి ఐటీసీ కంపెనీ ఈ-చౌపాల్ పేరుతో ఇంటర్నెట్ కేంద్రాలు పెట్టి సోయా ధరలు ఊళ్లోనే చూపించింది, తన గోదాముల్లో తానే కొన్నది. ఆ జిల్లాల మండీల్లో కూడా సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగినట్టు అపరాజితా గోయల్ 2010లో చూపించారు. ధర కబురుకు తోడు కొనే చోటు మరొకటి కళ్లముందు ఉండటమే అక్కడి కిటుకు. కర్ణాటకలో మార్కెట్లను ఒకే ఆన్‌లైన్ వేదిక మీదికి తెచ్చినప్పుడు కూడా వరి, వేరుశనగ, మొక్కజొన్న ధరలు పెరిగాయిగానీ పత్తికి, పెసరకు చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. పంట పంటకూ వ్యాపారం తీరు వేరు.

ఇక మన యార్డు సంగతి. బస్తా మూతి విప్పి, చెయ్యి లోపలిదాకా పోనిచ్చి గుప్పెడు కాయ తీస్తారు. ఒక కాయ చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలలాడాలి. తొడిమ విరిస్తే పుటుక్కున తెగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే. తాలుకాయ (రంగు పోయిన నాసి కాయ) ఎంత, రంగు ఎలా ఉంది, మచ్చ ఉందా అన్నవి చూసి ఒక్క నిమిషంలో ధర కడతారు. ఫోన్‌లో వచ్చే కనిష్ఠ, గరిష్ఠ ధరల్లో ఈ తేడాలేవీ ఉండవు. గరిష్ఠ ధర ఆ రోజు ఏ రెండు మూడు లాట్లకో పడినదై ఉంటుంది. రైతు ఆ అంకె మనసులో పెట్టుకుని వస్తాడు, తన కాయకు మూడు వేలు తక్కువ పలికితే మోసం జరిగిందనుకుంటాడు. నిజంగా మోసమో, కాయ నాణ్యతో తేల్చుకునే దారి అతనికి లేదు. మేము ముందుగా అడిగేది ఇది: ధర పంపితే రకాన్ని, గ్రేడును బట్టి పంపండి. తేజ రకం వేరు, 341 రకం వేరు, తాలు వేరు. గరిష్ఠానికి బదులు ఎక్కువ లాట్లకు పడిన ధర చెప్పండి.

తరుగు, అంటే తూకంలోంచి కోసే బరువు, సంగతి మరీ ముఖ్యం. ఒక లెక్క వేసి చూద్దాం. 40 కిలోల బస్తాలు 50, అంటే 20 క్వింటాళ్ల మిర్చి. దూరపు యార్డులో క్వింటాలుకు 400 ఎక్కువ పలుకుతోందని సందేశం వచ్చింది. 8,000 రూపాయలు కలిసొస్తుందని రైతు లారీ మాట్లాడుకున్నాడు. బస్తాకు 60 చొప్పున కిరాయి అదనంగా పడితే 3,000 అక్కడే పోయింది. అలవాటు లేని యార్డులో బస్తాకు కిలో చొప్పున తరుగు కోస్తే 50 కిలోలు, క్వింటాలు 15,000 ధరలో 7,500 రూపాయలు. మొత్తం 10,500. సందేశం నమ్మి వెళ్లిన రైతు 2,500 చేతి డబ్బు పెట్టుకుని ఇంటికి వచ్చినట్టు. ధరతో పాటు ఆ యార్డులో హమాలీ, కాటా, కమీషన్, తరుగు ఎంత కోస్తున్నారో చెప్పని సందేశం సగం సందేశమే.

పత్తిలో ఈ పని సులువు, ఎందుకంటే నియమం రాసి ఉంది. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర ఇస్తారు. ఆపైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనరు. ఆ ధర లెక్కన 12 శాతం తేమతో వెళ్లిన పత్తికి క్వింటాలుకు 324 రూపాయలు తగ్గుతుంది. మంచు ఆరకముందు తీసిన పత్తిని అదే రోజు బండికి ఎత్తితే జరిగేది ఇదే. పైగా మీటరు ముల్లు పైపొరలో గుచ్చితే ఒక అంకె, మధ్యలో గుచ్చితే ఇంకో అంకె చూపిస్తుంది. కొనుగోలు కేంద్రానికి బయల్దేరే ముందు రోజు సాయంత్రం, ‘ఒక ఎండ ఆరబెట్టండి, బండిలో మూడు చోట్ల తేమ చూడమని అడగండి’ అని చెబితే ఆ మాట విలువ ధర కబురు కంటే ఎక్కువ. మిర్చి రైతుకైతే, బస్తాల్లో తొక్కేటప్పుడు కాయ విరుగుతుందని నీళ్లు చల్లొద్దని చెప్పాలి. ఆ తడితోనే బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరి సరుకు ఎగుమతికి పనికిరాకుండా పోతుంది.

ఈ సమాచారం పంపే పద్ధతిలో కూడా చిక్కుంది. ఇంగ్లిషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 స్థానాలే. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘గుంటూరు యార్డు తేజ మిర్చి క్వింటాలు’ అనేసరికి 35 అయిపోయాయి, ఇంకా ధరే రాయలేదు. అందుకే తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపేస్తున్నారు, చదవలేక రైతులు తుడిచేస్తున్నారు. గొంతుతో చెప్పే కాల్ దీనికి మేలు. గుజరాత్‌లో సురేంద్రనగర్ జిల్లా పత్తి రైతులకు ‘అవాజ్ ఓటలో’ పేరుతో వారం వారం అలాంటి కాల్స్ చేశారు. తిరిగి ఫోన్ చేసి సందేహం అడిగే వీలు కూడా ఇచ్చారు. షాన్ కోల్, నీలేశ్ ఫెర్నాండో అధ్యయనంలో ఆ రైతులు మోనోక్రోటోఫాస్ వంటి తీవ్ర విషాలు తగ్గించినట్టు తేలింది. అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకం ఉంటేనే చెప్పిన మాట చెవికెక్కుతుంది. మన దగ్గర రాత్రి ఏడు, ఎనిమిది మధ్య, బండి కట్టకముందు, 40 సెకన్లకు మించకుండా, ఆ జిల్లా మాటలో చెబితే సరిపోతుంది. మిస్డ్ కాల్ ఇస్తే మళ్లీ వినపడాలి.

అన్నిటికంటే పెద్ద లోపం నంబరు దగ్గరే ఉంది. గేటు ఎంట్రీలో రైతు ఫోన్ అన్నచోట గుమాస్తా నంబరో, వ్యాపారి నంబరో పడుతుంది. కౌలు రైతు పండించిన పత్తికి సందేశం పట్టాదారు ఫోన్‌కు వెళుతుంది. గేటు దగ్గరే ఒక ఓటీపీ అడిగితే మొదటిది ఆగుతుంది. రెండోదానికి కౌలు గుర్తింపు ఉన్నవారి నంబరును విడిగా నమోదు చేయాలి.

మా అసలు కోరిక అమ్మకం తర్వాతి సందేశం గురించి. కాటా కాగానే లాట్ నంబరు, మొత్తం తూకం, గోనె బరువు, తరుగు, ధర, ఖర్చులు, అడ్వాన్సులో మినహాయించింది, చేతికొచ్చేది అన్నీ ఉన్న తక్‌పట్టీ రైతు ఫోన్‌కు రావాలి. ఇవాళ కార్బన్ కాగితం మీద మసకగా పడే ఆ చీటీలోనే వ్యాపారమంతా దాగి ఉంది. ఎలక్ట్రానిక్ కాటాను కంప్యూటరుకు కలిపితే తూకం చేత్తో రాసే పని ఉండదు. తరుగు ఎంత కోస్తున్నారో వందల ఫోన్లలో కనబడటం మొదలైతే ఆ అంకెను యార్డు కమిటీ దాచలేదు. 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో దీనికి కావలసిన సరంజామా చాలావరకు ఉంది. కాకపోతే నాణ్యత పరీక్ష మీద నమ్మకం కుదరక దూరపు వ్యాపారులు పెద్దగా బిడ్ వేయడం లేదు, పోటీ చాలావరకు ఆ యార్డులో కూర్చున్నవాళ్ల మధ్యే సాగుతోంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో అంతటా ఒకేసారి మొదలుపెట్టకుండా వరంగల్‌లోని ఏనుమాముల, గుంటూరు యార్డుల పరిధిలో చెరో 60 గ్రామాలు తీసుకుని ఒక సీజన్ పరీక్షించమని వ్యవసాయ విశ్వవిద్యాలయాలను కోరుతున్నాం. చీటీ తీసి సగం గ్రామాలకు ఈ సందేశాలు పంపాలి, సగానికి ఆగాలి. రైతుల పేర్లతో చీటీ తీయకూడదు, గ్రామాల పేర్లతోనే తీయాలి, ఎందుకంటే ఒకరికి వచ్చిన కబురు అరుగు మీద పదిమందికి తెలిసిపోతుంది. ఎంతకు అమ్మారని మే నెలలో ఇంటికెళ్లి అడిగితే గుర్తుండదు. అదే రోజు, అదే రకం, అదే గ్రేడు తక్‌పట్టీలు పక్కపక్కన పెట్టి తేడా చూడాలి. అందులో తరుగు గడిని ధర గడితో సమానంగా లెక్కకట్టాలి.

ఇట్లు,
వ్యవసాయ మార్కెటింగ్, సమాచార విస్తరణ పనుల్లో ఉన్న కొందరం