ఆర్ట్ పీరియడ్‌ని ఆర్ట్‌కే ఉంచండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా పాప ఎనిమిదో తరగతి. వాళ్ల టైంటేబుల్‌లో శనివారం ఆఖరి పీరియడ్ దగ్గర ‘ఆర్ట్’ అని ఉంటుంది. ఆ పీరియడ్‌లో జరిగేది లెక్కల రివిజన్. లెక్కల మాస్టారిని నేను తప్పుపట్టను. సిలబస్ పూర్తి కాకపోతే పైవాళ్లు నిలదీసేది ఆయన్నే. పిల్లల చేత బొమ్మ ఎందుకు వేయించలేదని మాత్రం ఎవరూ అడగరు.

ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులున్న బడిలో వందమంది దాటితే ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. డ్రాయింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోని బడులు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

మనుషులు దొరకరంటే విజయనగరంలో ఉంటున్నవాళ్లం ఎలా నమ్ముతాం? 1919 నుంచి ఇక్కడ సంగీత కళాశాల నడుస్తోంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల గార్లు అక్కడ చదువుకున్నవాళ్లే. అలాంటి ఊళ్లో పిల్లలు సరిగమలు కూడా తెలియకుండా పదో తరగతి దాటిపోతున్నారంటే నాకు చాలా బాధగా ఉంది.

పాటలు, బొమ్మలు కూడు పెడతాయా అని అడిగే తోటి తల్లిదండ్రులకు ఒక మాట. జముకుల కథ చెప్పేవాళ్లను ఒకసారి దగ్గర్నుంచి చూడండి. జముకు అంటే ఒకవైపు తోలు బిగించిన చిన్న డబ్బా, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ. డబ్బాను చంకలో ఇరికించుకుని, తీగను బిగిస్తూ వదులుతూ మీటుతుంటే స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. తీగ బిగిసేకొద్దీ శ్రుతి పెరుగుతుందని ధ్వని పాఠంలో బట్టీ పడుతున్న పిల్ల, ఆ తీగ తన చేత్తో లాగి చూస్తే ఇక మర్చిపోతుందా? తప్పెటగుళ్లు చూడండి. గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో అదే తాళం తొక్కుతూ ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. ఒక్కడు లయ తప్పితే అందరూ పడతారు. పక్కవాడిని గమనిస్తూ పనిచేయడం పిల్లలకు ఇంతకంటే బాగా ఎవరు నేర్పగలరు?

కేంద్రం 2015 నుంచి పైతరగతుల పిల్లలకు కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది, సంతోషం. కానీ పోటీకి వెళ్లేది నలుగురు. మిగతావాళ్లకు చప్పట్లు కొట్టే పనే మిగులుతుంది. నేను అడుగుతున్నది ఆ మిగతావాళ్ల గురించి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాశాఖ అధికారులు మండలాల వారీగా కళాకారుల జాబితా తయారు చేయించి, వారానికి రెండు పీరియడ్లయినా వాళ్లకు అప్పగించాలి. తప్పెటగుళ్ల గురువును బీఈడీ ఉందా అని అడగొద్దు. పీరియడ్‌కి ఇంత అని గౌరవమైన జీతం, అదీ నెలనెలా ఇవ్వాలి. పంద్రాగస్టుకు పిలిచి శాలువా కప్పి పంపేస్తే ఆ ఇల్లు గడవదు. ఇంకొకటి, దీనికి మార్కులు పెట్టొద్దు. పెడితే ట్యూషన్లు, టెన్షన్ దీనికీ మొదలవుతాయి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో శనివారం పీరియడ్ సంగతి నేను అడగబోతున్నాను. మీ పిల్లల బడుల్లో మీరూ అడగండి. అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి. పోస్టు కావాలని పైకి రాయడానికి హెడ్మాస్టర్లకు అదే ఆధారం అవుతుంది.

– ఒక విద్యార్థిని తండ్రి, విజయనగరం