వార్షిక నివేదిక 2024–25: చెరువు మదుము, కంటి శిబిరం, ఒక క్లచ్ తీగ

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

కార్యదర్శిగా ఇది నా ఆరో నివేదిక. మొదటి ఐదింటిలోనూ "సభ్యుల సంపూర్ణ సహకారంతో కార్యక్రమాలన్నీ దిగ్విజయంగా జరిగాయి" అని రాశాను. ఈసారి ఆ వాక్యం చదివితే మీరే నవ్వుతారు. ఈ ఏడాది రెండు సమావేశాలు గొడవతో ఆగిపోయాయి. ఒకదానిలోంచి లేచి వెళ్లిపోయింది నేనే.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. పెద్ద చెరువు మదుము (తూము) బాగు చేయించాం, ఖరీఫ్‌లో చివరి మడుల దాకా నీరు అందింది. కంటి శిబిరం జరిగింది. పశువులకు గాలికుంటు టీకాలు వేయించాం. దసరా ఆటల పోటీలు వానకు కొట్టుకుపోయాయి, పిల్లల కోసం కొన్న బహుమతులు ఇంకా సంఘం గదిలోనే ఉన్నాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు.

ఇక జింకల సంగతి.

మెళియాపుట్టి నుంచి మందస దాకా మహేంద్రగిరి కొండల అంచున ఉన్న ఊళ్లకు వేట కొత్త కాదు. పండగ వెళ్లాక కొండకు పోయి దుప్పినో కణుజునో తెచ్చి వాటాలు వేసుకున్న కథలు మన తాతలు అరుగుల మీద చెప్పినవే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. దాని తర్వాత మారిందల్లా, అరుగు మీద చెప్పుకునే మాట చాటుగా చెప్పుకోవడం మొదలైంది. ఎవరైనా గట్టిగా అడిగితే "ఒడిశా వైపు నుంచి బళ్ల మీద వస్తారు" అనేవాళ్లం. లేదా కొండ మీది సవర గూడెం వైపు చెయ్యి చూపేవాళ్లం. నిరుటి నివేదికలో నేను కూడా "బయటివారు" అనే రాశాను.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున మేకల కాపరి ఫోను చేశాడు. జీడితోటలో ఆడ దుప్పి ఉచ్చులో పడింది. మేం వెళ్లేసరికి బతికే ఉంది. మెడకు పడవలసిన ఉచ్చు ముందరి కాలికి పడింది. జీడిచెట్టు మొదట్లో బెరడు చుట్టూ అరిగిపోయి, గేదెను కట్టే గుంజలా నున్నగా ఉంది. చెట్టు చుట్టూ నేల మీద గానుగెద్దు తిరిగినట్టు గుండ్రంగా దారి పడింది. రాత్రంతా తిరిగి ఉండాలి. గిట్ట పైన తీగ ఎముక దాకా దిగింది. మేం దగ్గరికి వెళ్తే అరవలేదు, పెనుగులాడలేదు, చెవులు మాత్రం కదిలించింది. తీగ కోసి విడిపించాం. ఎండెక్కే వేళకు చచ్చిపోయింది.

అక్కడే మేం పెద్ద పొరపాటు చేశాం. కోసిన తీగను ఎవరో కొండవాగులోకి విసిరేశారు. పదిమందిమి చుట్టూ తిరిగి అడుగుజాడలన్నీ తొక్కేశాం. అటవీ అధికారి వచ్చి మొదట అడిగింది "తీగ ఏదీ?" అని. ఉచ్చు కనిపిస్తే ముట్టుకోకూడదు, ఫొటో తీసి, ఒక మనిషిని కాపలా పెట్టి ఫోను చేయాలి అని ఆయన చెప్పాకే తెలిసింది. మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వాగులో వెతికి తీగ తెచ్చారు. తడిసిన తీగ సాక్ష్యంగా ఎంత నిలుస్తుందో కోర్టు చూసుకుంటుంది.

అది మోటారు సైకిలు క్లచ్ తీగ. కొసన బొడిపె ఇంకా ఉంది. మన కూడలిలోని మెకానిక్ దాన్ని చేత్తో పట్టుకోకుండానే చెప్పేశాడు: తెగిపోయిన తీగలు తన దగ్గర ఎవరు పట్టుకెళ్తారో. ఆ పేరు ఇక్కడ రాయను, కేసు నడుస్తోంది. ఆ పేరుగలాయన మన సభ్యుడే, చందా బాకీ కూడా లేదు. ఆ మాంసం ఎవరింటికి వెళ్లేదో విచారణలో బయటపడినప్పుడు కార్యవర్గంలో ముగ్గురి ఇళ్లు అందులో ఉన్నాయి.

నాలుగో ఇల్లు నాది. రెండేళ్ల కిందట మా ఇంట్లో నిశ్చితార్థానికి వండిన కూర మేకపోతు మాంసమని చెప్పారు. రంగు చూసి నాకు అనుమానం వచ్చింది. అడగలేదు. రెండోసారి వడ్డించుకున్నాను. నేను సమావేశంలోంచి లేచి వెళ్లింది ఈ మాట చెప్పాకే.

సవర గూడెం పెద్దను పిలిచి క్షమాపణ చెప్పాం. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మాకు బళ్లెక్కడివి, క్లచ్చులెక్కడివి" అన్నాడంతే.

మార్చి సమావేశానికి రేంజి అధికారి వచ్చి చట్టం విడమరిచి చెప్పారు. ఉచ్చు పెట్టడమే వేట, జంతువు పడిందా లేదా అన్నది తర్వాతి మాట. మాంసం కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. దుప్పిని చంపితే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 సవరణకు ముందు ఈ జరిమానా 25 వేల దాకానే ఉండేది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక లాంటి, చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే ఒకటో షెడ్యూలు జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. మేకమాంసమని బుకాయించినా లాభం లేదు, ముక్క దొరికితే హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రయోగశాలలో డీఎన్‌ఏ చూసి ఏ జంతువుదో చెప్పేస్తారు. వెనక బెంచీల్లో అప్పటిదాకా వినిపించిన గుసగుసలు ఆ మాటతో ఆగాయి.

రైతులు చెప్పింది కూడా రాయాలి, లేకపోతే నివేదిక ఒంటికంటిది అవుతుంది. వాళ్ల గొడవ జింకతో కాదు, అడవిపందితో. ఒక్క రాత్రిలో మందపడి అర ఎకరం కర్రపెండలం తవ్వేస్తే మనిషి తీగ కట్టక ఏం చేస్తాడని ఒకాయన నిలదీశాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ పందికని కరెంటు లైనుకు కొక్కెం తగిలించి లాగిన తీగకు పందీ, దుప్పీ, పొరుగు రైతూ ఒకటే. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లినవాడు దాని మీద కాలు వేస్తే తెల్లారి మోసుకురావాలి. కొక్కెం వేయడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం కూడా. సోలార్ కంచెలో ప్రవాహం క్షణంలో చిన్న వంతు మాత్రమే ఉండే దెబ్బలుగా వస్తుంది, జంతువు బెదిరిపోతుంది తప్ప చావదు. అయిదుగురు రైతులు కలిసి ఒక కంచెకు దరఖాస్తు చేశారు. ఈలోగా వంతులవారీగా మంచెల మీద కాపలా పడుకుంటున్నారు.

ఏప్రిల్‌లో దాహానికి దిగివచ్చే జింకల కోసం ఊరి పక్కన నీటిగుంట తవ్వుదామని యువకులు ఉత్సాహపడ్డారు. బీటు అధికారి వద్దన్నారు. ఊరి దగ్గర నీళ్లు పెడితే జింకను కుక్కల నోటికీ వేటగాడి కాపుకీ మనమే అందించినట్టు. నీళ్లు అడవి లోపలే ఉండాలి. కుర్రాళ్లు చిన్నబుచ్చుకున్నారు కానీ అటవీ శాఖ అడవిలోని సాసర్ గుంటల్లో, అంటే జంతువులు తాగే లోతు తక్కువ తొట్లలో, నీళ్లు నింపేటప్పుడు వెళ్లి సాయం చేశారు.

మే నెలలో ఒక రాత్రి చెరువు గట్టు మీద లైట్లు తిప్పుతూ రెండు బళ్లు వెళ్లాయి. మనవాళ్లు కొందరు కర్రలు పట్టుకుని వెంటపడబోతే ఆపాను. నాటు తుపాకీ ముందు సంఘం బ్యాడ్జీ పనిచేయదు. నంబర్లు రాసుకుని 112కి, బీటు అధికారికి చెప్పాం. ఒక బండి దొరికింది. అది నిజంగానే బయటివాళ్లది. నిరుడు నేను రాసింది పూర్తిగా అబద్ధం కాదని తేలినందుకు సంతోషించానని ఒప్పుకోవాలి.

ఉచ్చు పెట్టిన సభ్యుణ్ని ఏడాదిపాటు పక్కన పెట్టాలని ఓటింగులో తేలింది, చాలా తక్కువ తేడాతో. కొనుక్కుతిన్నవాళ్లను ఏం చేయాలన్న తీర్మానం మాత్రం వాయిదా పడుతూనే ఉంది, ఎందుకంటే చర్చకు కూర్చునేవాళ్లలో నలుగురం మేమే. ఈ సర్వసభ్య సమావేశంలో ఆ అంశం ముందు పెట్టమని కోరుతున్నాను. ఆ సేపు అధ్యక్ష స్థానంలో మహిళా సంఘం నుంచి ఒకరు కూర్చుంటే మంచిది. అది తేలేదాకా నేను సంతకాలు తప్ప మరే పనీ చేయను.

సమావేశం ఆదివారం ఉదయం 10 గంటలకు రామమందిరం దగ్గర. మధ్యాహ్నం భోజనాలు ఉంటాయి. గుమ్మడికాయ దప్పళం, కోడికూర. కోడి కొన్న రసీదు కోశాధికారి గారి దగ్గర ఉంది, అడిగినవారికి చూపిస్తారు.