విషయం: గర్భసంచి బెలూన్ మెషిన్ మధ్యలో ఆగిపోవడం, ఎందుకు ఆగిందో చెప్పే దిక్కు లేకపోవడం

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నరసరావుపేటలో మాది ముప్పై పడకల నర్సింగ్ హోం. నేను గైనకాలజిస్టుని, మావారు మత్తు డాక్టరు. పోయిన ఏడాది దసరాకి ముందు, బ్లీడింగ్ ఎక్కువగా ఉన్నవాళ్లకి గర్భసంచి తీయకుండా దాని లోపలి పొరని వేడితో కాల్చే మీ థర్మల్ బెలూన్ మెషిన్ కొన్నాం. ఇప్పటికి పంతొమ్మిది కేసులు చేశాం. వాటిలో మూడుసార్లు అలారం మోగి మెషిన్ ఆగిపోయింది. రెండుసార్లు ఫోన్ చేశాను, ఒకసారి మెయిల్ పెట్టాను. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: "మేడమ్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి." ఆ జవాబు మీదే ఈ ఫిర్యాదు.

మెషిన్ ఆగిపోతోందని నా బాధ కాదు. గర్భసంచిలో బెలూన్ పెట్టి, దాన్ని డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ నీళ్లు)తో నింపి, 87 డిగ్రీల వేడితో ఎనిమిది నిమిషాల పాటు లోపలి పొరని కాలుస్తున్నాం. ఏమాత్రం అనుమానం వచ్చినా అది ఆగి తీరాలి. ఆగని మెషిన్‌ని నేను మా ఓటీ (ఆపరేషన్ థియేటర్) గడప కూడా తొక్కనివ్వను. కానీ ఎందుకు ఆగిందో నాకు తెలియాలి కదా.

జనవరిలో జరిగింది వివరంగా రాస్తాను. పేషెంటుకి 44 ఏళ్లు, మిరప కోతలకి వెళ్లే మనిషి. ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎప్పుడో అయింది. నెలలో పన్నెండు రోజులు బ్లీడింగ్. వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 7.8. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి, స్కానింగ్, బయాప్సీ అన్నీ చూసుకుని, వెన్నులో మత్తిచ్చి మొదలుపెట్టాం. బెలూన్‌లోకి 11 మిల్లీలీటర్లు పట్టింది, ప్రెషర్ 170 mmHg దగ్గర కుదురుగా నిలబడింది. వేడి ఎక్కింది, టైమర్ మొదలైంది. సరిగ్గా 3 నిమిషాల 20 సెకన్లకి అలారం. స్క్రీన్ మీద ఈ-3 అని ఒక కోడ్, కింద "ప్రెషర్ తక్కువ" అని. అంతే.

ప్రెషర్ ఎందుకు తగ్గుతుంది? గర్భసంచి కండరం సడలితే తగ్గుతుంది, అది మామూలే. వాల్వ్ దగ్గరో సిరంజి దగ్గరో కారితే తగ్గుతుంది. బెలూన్ చిరిగితే తగ్గుతుంది. గర్భసంచికి చిల్లు పడి బెలూన్ అవతలికి జారినా తగ్గుతుంది. ఆ చివరిదే అయితే వేడి తగిలేది పేగులకి. అలాంటప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఏమవుతుందో ఫోన్ ఎత్తిన మీ అబ్బాయికి ఎవరైనా చెప్పారా?

నేను మళ్లీ ఆన్ చేయలేదు. బెలూన్ చల్లారేదాకా ఆగి, నీళ్లన్నీ సిరంజిలోకి వెనక్కి లాగాను. 11 పోస్తే 11 తిరిగొచ్చాయి, రక్తపు చార కూడా లేదు. అంటే బెలూన్ చిరగలేదు. తర్వాత హిస్టెరోస్కోప్ (గర్భసంచి లోపల చూసే కెమెరా గొట్టం) పెట్టి చూశాను. చిల్లు లేదు. పొర అక్కడక్కడా తెల్లబడింది, మిగతాదంతా ఇంకా గులాబీ రంగులోనే ఉంది. వెన్నులో మత్తు కాబట్టి పేషెంటు మెలకువగానే ఉంది. అలారం విని "ఏందమ్మా, కరెంటు పోయిందా?" అని అడిగింది. "ఏం లేదులేమ్మా" అన్నాను. నాకే తెలియనప్పుడు ఆవిడకేం చెప్పను?

ఈలోగా మా సిస్టర్ మీ టోల్ ఫ్రీ నంబరుకి చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. కొనడానికైతే ఒకటి నొక్కాలట, బిల్లులకైతే రెండు. టేబుల్ మీద మనిషి ఉంటే ఏది నొక్కాలో చెప్పలేదు. ఏడు నిమిషాల తర్వాత ఒకబ్బాయి లైన్‌లోకి వచ్చి పైన రాసిన మంత్రమే చదివాడు. "మూడు నిమిషాల ఇరవై సెకన్లు అయిపోయాయి. ఆన్ చేస్తే మిగిలిన టైమే నడుస్తుందా, మళ్లీ మొదటి నుంచి ఎనిమిది నిమిషాలా?" అని అడిగాను. "అది మీ డాక్టర్ల ఇష్టం మేడమ్" అన్నాడు. మీ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. ఈ-3 కి ఎదురుగా ఉన్నది ఒకే వాక్యం: సర్వీస్ సెంటర్‌ని సంప్రదించండి. సంప్రదించాం మరి.

ఆ రోజుకి అక్కడితో ఆపేశాను. కారణం కనిపెట్టింది మా ఓటీ సిస్టరే. సాయంత్రం ఆ కాథెటర్‌ని, అంటే బెలూన్ ఉన్న గొట్టాన్ని, పారేయకుండా డెక్స్‌ట్రోజ్‌తో నింపి, వేడి పెట్టకుండా, బెలూన్‌ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. స్క్రీన్ మీద 160 చూపిస్తోంది. రెండో చేత్తో ఆ కాథెటర్‌ని మెషిన్‌కి కలిపే ప్లగ్‌ని కొంచెం కదిపింది. టక్కున 30 కి పడింది. వదిలితే మళ్లీ 160. ప్లగ్ టక్‌మన్న తర్వాత ఇంకో పావు తిప్పు తిప్పితేగానీ పూర్తిగా కూర్చోవడం లేదు. టక్‌మన్నాక కూర్చుందనే ఎవరైనా అనుకుంటారు. ఆ వీడియో మీకు మర్నాడే పంపాం. పదకొండు రోజులకి వచ్చిన మీ ఇంజనీరు దాన్ని చూడనైనా చూడకుండా "కరెంటు హెచ్చుతగ్గులు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు. మా ఓటీ మొత్తం, హెచ్చుతగ్గులు మెషిన్ల దాకా రానివ్వని ఆన్‌లైన్ యూపీఎస్ మీద నడుస్తుంది. నేను సంతకం పెట్టలేదు.

రెండోసారి మార్చిలో. అప్పుడు ఇంకా వేడి మొదలవలేదు, ప్రెషర్ మెల్లగా జారుతూ వచ్చి అలారం మోగింది. కండరం సడలడం వల్లనే. కొంచెం కొంచెంగా నింపి, నిలబడ్డాక మొదలుపెడితే కేసు చక్కగా పూర్తయింది. మూడోసారి ఏప్రిల్‌లో, కొత్త కాథెటర్‌తో, మళ్లీ ఆ ప్లగ్గే.

మూడుసార్లూ అదే కోడ్, అదే కూత, అదే పసుపు లైటు. మెడికల్ అలారంలకి ఐఈసీ 60601-1-8 అని ఒక ప్రమాణం ఉందని మీకు నేను చెప్పక్కర్లేదు. అత్యవసరమైతే ఎర్ర లైటు గబగబా వెలిగి ఆరాలి, శబ్దం పది బీప్‌లుగా రావాలి. దానికంటే తక్కువదైతే పసుపు లైటు, మూడు బీప్‌లు. మీ మెషిన్‌కి చిల్లు పడిన గర్భసంచీ, వదులైన ప్లగ్గూ ఒకటే. ప్రెషర్‌ని క్షణం క్షణం కొలిచేది మీ మెషినే. మెల్లగా జారిందా, ఒక్కసారిగా పడిందా అన్నది దానికి తెలుసు. తెలిసిన ఆ ముక్క స్క్రీన్ మీద చూపిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

ఈ మెషిన్ మేం సరదాకి కొనలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. బ్లీడింగ్ అనగానే "తీసేయండమ్మా, పీడా పోతుంది" అనడం మా వైపు ఇళ్లలో అలవాటైపోయింది. కోత లేకుండా, సాయంత్రానికి ఇంటికి పంపే దారి ఒకటుందని చెప్పి ఒప్పించడానికి ఒక్కొక్కరితో గంటలు కూర్చుంటాను. జనవరిలో సగంలో ఆగిన ఆవిడకి బ్లీడింగ్ తగ్గలేదు. మళ్లీ చేద్దాం రమ్మంటే నమ్మలేదు. ఉగాది తర్వాత ఆడపడుచు ఇంకో ఊరు తీసుకెళ్లి గర్భసంచి తీయించేసింది. ఆవిడని నేను తప్పు పట్టలేను.

నాకు కావాల్సింది ఇది. ఆ ప్లగ్, అది కూర్చునే సాకెట్ మార్చాలి. మెషిన్ లోపల రికార్డయిన, అలారం మోగిన ఆ మూడు కేసుల రీడింగ్‌లు నా ముందే తీసి, కాపీ ఇవ్వాలి. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టవచ్చా, పెడితే ఎంతసేపు, ఏమేం చూసుకున్నాక పెట్టాలి అన్నది మీ కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. దాన్నే ఒక పేజీలో, తెలుగులో కూడా, ఓటీ గోడకి అంటించుకునేలా ఇస్తే మా సిస్టర్లకి పనికొస్తుంది. కేసు జరుగుతున్నప్పుడు నేరుగా ఇంజనీరుకే వెళ్లే నంబరు ఒకటి ఉండాలి. జనవరి, ఏప్రిల్ కాథెటర్లు రెండూ ఉచితంగా మార్చివ్వాలి. "ప్యాకెట్ తెరిచారు కాబట్టి కుదరదు" అని మీ సేల్స్ ఆయన అన్నారు. తెరవకుండా వాడే విధానం ఏదైనా ఉంటే అదీ రాసి పంపండి.

ఈ మూడు సంఘటనలనీ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే మెటీరియోవిజిలెన్స్ (వైద్య పరికరాలతో వచ్చే ఇబ్బందులని నమోదు చేసే) కార్యక్రమానికి ఫారం నింపి పంపాను. బెదిరింపుగా తీసుకోవద్దు, అది నా పని. ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఇదే మెషిన్‌ని మీ మాట విని ఆన్ చేయకూడదు కదా.

పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. అప్పటిదాకా మెషిన్‌కి కవర్ తొడిగి పక్కన పెట్టాం, రాసుకున్న రెండు కేసులు వాయిదా వేశాం. రెండు కాథెటర్లూ లాట్ నంబర్ల స్టిక్కర్లతో సహా ఓటీ బీరువాలో ఉన్నాయి. మీ ఇంజనీరు మంగళ, శుక్రవారాలు తప్ప ఎప్పుడైనా రావచ్చు. ఈసారి వచ్చేటప్పుడు ఆ వీడియో చూసి రమ్మనండి.

ఇట్లు,
గైనకాలజిస్టు,
నరసరావుపేట

జతపరిచినవి: మూడు కేసుల ఓటీ నోట్సు, కాథెటర్ బిల్లులు, నేను సంతకం పెట్టని మీ సర్వీస్ రిపోర్టు.