రేఫీల్డ్ గీసిన మందిరానికి మన కానుక

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు వందనములు.

ఈసారి కోత పండుగకు వేరుగా ఒక కానుక ఎత్తి, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హాంలోని 16వ వీధి బాప్టిస్టు సంఘానికి, మందిర నిర్వహణ నిమిత్తం పంపాలని కమిటీ తీర్మానించింది.

1908లో నగర అధికారులు వాళ్ల పాత మందిరాన్ని కూల్చెయ్యమన్నారు. కొత్తదానికి ప్లాను గీసింది వాలెస్ రేఫీల్డ్, కట్టింది కాంట్రాక్టరు విండం. ఇద్దరూ నల్లజాతివారే. 26,000 డాలర్ల ఖర్చుతో 1911లో ఆ జంట గోపురాల మందిరం లేచింది. కొలంబియా యూనివర్సిటీలో చదివి, నల్లజాతివారి విద్యాసంస్థ టస్కీగీలో పాఠాలు చెప్పిన రేఫీల్డ్ తపాలాలో ప్లాన్లు పంపి ఎన్నో రాష్ట్రాల్లో మందిరాలు కట్టించారు. బర్మింగ్‌హాం స్మిత్‌ఫీల్డ్ పేటలో డాక్టర్ బ్రౌన్ గారిల్లు కూడా ఆయన గీసిందే, ఇప్పటికీ ఉంది. 1941లో ఆయన పోయాక పేరు మరుగునపడింది. 1993లో ఒక పాత కొట్టంలో ఆయన ప్లాన్ల ముద్రణ పలకలు 400 పైచిలుకు బయటపడ్డాయి. అంతటి మనిషి పనిని అలా మరిచిపోవడం మాకు బాధ కలిగించింది.

1963 సెప్టెంబరు 15, ఆదివారం. నల్లజాతివారిని ద్వేషించే తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్ వాళ్లు పెట్టిన బాంబుకు ఆ మందిరంలో యాడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, క్యారొల్ రాబర్ట్‌సన్, డెనీస్ మెక్‌నెయిర్ అనే నలుగురు ఆడపిల్లలు బలైపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, డెనీస్‌కు 11. మన సండే స్కూలు పిల్లల ఈడువాళ్లు.

ఆ వార్త విని వేల్స్‌లో జాన్ పెట్స్ అనే అద్దాల కళాకారుడు కొత్త కిటికీ చేసిస్తానన్నాడు. అక్కడి పత్రిక ఒకటి చందా ఎత్తుతూ, ఎవరూ అర క్రౌను అనే అప్పటి బ్రిటిష్ నాణేనికి మించి ఇవ్వొద్దని షరతు పెట్టింది. ఏ ధనవంతుడో మొత్తం కట్టేస్తే ఇక ప్రజల కానుక ఎలా అవుతుంది? పిల్లలూ తమ చిల్లర తెచ్చిచ్చారు. నల్లని క్రీస్తు రూపమున్న ఆ కిటికీ 1965లో మందిరంలో అమరింది. దాని కింద మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని మాట ఉంది.

మనమూ అదే షరతు పెట్టుకుందాం. ఇంటికి 10 డాలర్లు, అంతకు మించి దయచేసి ఇవ్వకండి. పిల్లలు ఒక్క డాలరు వేసినా చాలు, కానీ వాళ్ల చేత్తో వాళ్లే వేయాలి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మన తాతలు మోకరించిన మందిరాలకు అమెరికా బాప్టిస్టులు కానుకలు పంపారు. వాళ్లు మనవాళ్ల ముఖమైనా చూసి ఎరగరు.

నగదైతే కవరు మీద "బర్మింగ్‌హాం" అని రాసి ఆరాధన అయ్యాక కోశాధికారికి ఇవ్వండి. చెక్కు సంఘం పేరిట రాయండి. ప్రతి పైకానికీ రసీదు ఇస్తాం. మొత్తం ఎంత చేరిందో పండుగ మరుసటి ఆదివారం బోర్డు మీద పెట్టి, ఆ వారంలోనే పంపేస్తాం.

ఇట్లు,
సంఘ కమిటీ