కరెంటు పోతే మూగబోయే ఇంటి ఫోను

సంపాదకులకు నమస్కారం.

కడపలోని మా ఇంట్లో ఏళ్ల తరబడి రాగి తీగ మీద నడిచిన ల్యాండ్‌లైనును ఈ మధ్య ఫైబర్‌కు మార్చారు. 08562 కోడుతో ఉన్న పాత నంబరే కొనసాగుతోంది, మాట కూడా స్పష్టంగా వినిపిస్తోంది; అందులో నాకు ఫిర్యాదు లేదు. అయితే గత వారం గాలివానకు రాత్రి కరెంటు పోయినప్పుడు, ఎనభై దాటిన మా అమ్మ ఆయాసపడుతూ మంచం పక్కనున్న ఫోను ఎత్తితే అందులో చప్పుడే లేదు.

పాత పద్ధతిలో ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఆ రాగి తీగ గుండానే ఫోనుకు అందేది కనుక, వీధంతా చీకటైనా డయల్‌టోన్ వినిపించేది. గాజుపోగు అయిన ఫైబర్ కాంతిని మోస్తుంది గానీ కరెంటును మోయదు. ఆ కాంతిని ఫోనుకు పనికొచ్చేలా మార్చడానికి గోడకు బిగించిన పెట్టెకు మన ఇంటి ప్లగ్గు నుంచే విద్యుత్తు అందాలి. కనెక్షను మార్చడానికి వచ్చినవారు ఈ సంగతి ఒక్క మాటైనా చెప్పలేదు. చెప్పి ఉంటే, రౌటర్ల కోసం బజారులో దొరికే చిన్న యూపీఎస్‌ను ఆ రోజే కొని పెట్టేవాణ్ణి. ఇన్వర్టరు ఉన్నవారు సైతం ఆ ప్లగ్గు ఇన్వర్టరు లైనులో ఉందో లేదో చూసుకోవడం మంచిది.

సెల్‌ఫోను ఉంది కదా అని కొందరు అనవచ్చు. చూపు మందగించిన అమ్మకు వేళ్లకు అలవాటైన బటన్ల ఫోనే ఆధారం. 108కి ఆమె ఒంటరిగా చేయగలిగేది దాని నుంచే. వృద్ధులున్న ఇళ్లలో పాత తీగను తొలగించే ముందు ఈ విషయాన్ని రాతపూర్వకంగా తెలిపి, బ్యాటరీని కనెక్షనుతోపాటే అమర్చాలని టెలిఫోన్ సంస్థలను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కడప