వసంతకాల వార్తాలేఖ: ఉత్తరం గేటు, మాగ్‌పై, మన ఇంటి అలవాట్లు

మన శనివారం తెలుగు బడి తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం ఉత్తరం గేటు దగ్గర జరిగింది మీలో తెలియనివారు ఉండరు. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. అక్కడి చెట్టు మీద గూడు పెట్టుకున్న మాగ్‌పై, అంటే ఆ నలుపు తెలుపు పక్షి, ఆరో తరగతి బాబు చెవి వెనక గీరింది. చిన్న గీతే. సబ్బునీళ్ళతో కడిగి మందు రాశాం, వాడు పద్యం అప్పజెప్పే వేళకు క్లాసులోనే ఉన్నాడు. ఆ తర్వాత ఒక పెద్దమనిషి చెట్టు మీదికి రాయి విసిరారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రాయి.

గ్రూపులో వచ్చిన కోరికలన్నిటికీ ఒకేసారి జవాబు చెబుతున్నాను. చెట్టు కొట్టించం, గూడు తీయించం, పక్షిని పట్టించం. ఈ బడి ఆవరణ మనం శనివారాలకు అద్దెకు తీసుకున్నది. చెట్టు మనది కాదు, పక్షి అసలే కాదు. ఆస్ట్రేలియాలో మనముండే విక్టోరియా రాష్ట్రంలో స్థానిక పక్షులకు 1975 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. అనుమతి లేకుండా వాటిని గాయపరచడం, వేధించడం నేరం.

దాడి చేసేది మగపక్షి. మెడ వెనక తెల్లగా మెరుస్తుంటే మగది, ఆ తెలుపు బూడిద రంగుకు తిరిగితే ఆడది. మగవాటిలో కూడా మనుషుల మీదికి దిగేవి పదింట ఒకటికి మించవు. మిగతావి మన పక్కనే పురుగులు ఏరుకుంటూ మనల్ని పట్టించుకోవు. ఆడపక్షి గుడ్లు పెట్టి దాదాపు 20 రోజులు ఒంటరిగా పొదుగుతుంది, పిల్లలు ఇంకో నాలుగు వారాలు గూట్లో ఉంటాయి. ఈ ఆరేడు వారాలే మగపక్షి కాపలా కాసేది. గూటి చుట్టూ సుమారు 100 మీటర్లు దాని హద్దు. పిల్లలు ఎగరడం నేర్చాక అదే పక్షి మన ముందు నుంచే నడిచి వెళుతుంది.

అది మనుషుల ముఖాలు గుర్తు పెట్టుకుంటుంది, ఇరవై ఏళ్ళకు పైగా బతకగలదు. రాయి విసిరిన ముఖం వచ్చే వసంతానికి కూడా దానికి జ్ఞాపకం ఉంటుంది, ఆ ముఖం పక్కన నడిచే పిల్లలదీ అంతే. పెద్దమనిషి గారు తమ కోపం తీర్చుకున్నారు, దాని ఫలితం పిల్లలు అనుభవించాలి. చేతులు విసరడం, కేకలు వేయడం, పరుగెత్తడం కూడా దాన్ని రెచ్చగొట్టేవే.

చేయవలసింది ఇది. ఈ టర్మ్ అయ్యేదాకా ఉత్తరం గేటు మూసే ఉంటుంది, పార్కింగు వైపు గేటు వాడండి. సైకిలు మీద వచ్చే పిల్లలు మలుపు దగ్గరే దిగి నడిపించుకు రావాలి, హెల్మెట్ మాత్రం తీయకూడదు. వేగంగా కదిలే సైకిలు అంటేనే దానికి ఎక్కువ అనుమానం, దిగి నడిస్తే చాలాసార్లు వదిలేస్తుంది. గుంపుగా, చురుగ్గా నడవండి. అది ఎక్కడ వాలిందో చూస్తూ ఉండండి, ఎందుకంటే ఎక్కువగా వెనక నుంచే వస్తుంది. ముక్కు టకటకలాడించిందంటే హెచ్చరిక, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. వెడల్పు అంచు టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి. గొడుగు ఇంకా మేలు. హెల్మెట్‌కు ప్లాస్టిక్ కేబుల్ టైలు (వైర్లు కట్టే పట్టీలు) ముళ్ళలా గుచ్చి పంపేవారికి నా అభ్యంతరం లేదు, కానీ వాటిని నమ్ముకుని టోపీ, అద్దాలు మానకండి. కంటికి తగిలితే మాత్రం నలపకుండా, ఏమీ పోయకుండా తేలిగ్గా కప్పి నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఇక అడగక తప్పని ప్రశ్న. ఆ చెట్టు కింద చపాతీ ముక్కలు, జంతికలు, ఒకరోజు పులిహోర ఎవరు పెడుతున్నారు? దయగల చేతులే అయి ఉంటాయి, సందేహం లేదు. అయినా మాగ్‌పై తిండి నేలలోని పురుగులు. మాంసం కైమా పెడితే ముక్కుకు అంటుకుంటుంది, అందులో కాల్షియం చాలక పక్షిపిల్లల ఎముకలు మెత్తబడతాయి. మన ఎస్టేట్ల చెరువుల్లో బాతులకు వేసే బ్రెడ్డు, మిగిలిన అన్నం సంగతీ అంతే. తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళి నాచు పెరుగుతుంది, వేసవిలో బోటులిజం అనే విషపు జబ్బు వచ్చి బాతులు మెడ నిలపలేక చస్తాయి. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పిల్లలకు చెప్పి, దాన్ని చెరువులో పారబోయడం ఏమిటో నాకు అర్థం కాదు. మిగలకుండా వండుకోండి.

చవితికి ఆ చెరువుల్లోనే నిమజ్జనం చేసినవారికి కూడా ఇదే మాట. మట్టి విగ్రహం, ఇంట్లో తొట్టి, ఆ మట్టి తులసి కోటకు. పత్రి కోసం రిజర్వులో, అంటే కాపాడుతున్న గడ్డినేలలో, ఆకులు తెంపినవారు మరుసటి ఏడు మీ పెరటి మొక్కలతో సరిపెట్టుకోండి. వినాయకుడేమీ అనుకోడు.

రిజర్వు అన్నాను కాబట్టి దాని గురించి చెప్పకుండా ఉండలేను. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, టార్నిట్, ట్రుగనినా వైపు మనం ఇళ్ళు కట్టుకున్న నేల అగ్నిపర్వతాల లావా పరిచిన మైదానం. ఒకప్పుడు మెల్‌బోర్న్ పశ్చిమం నుంచి రాష్ట్రపు పడమటి కొస దాకా చెట్టు పలచగా, గడ్డి ఒత్తుగా ఉండేది. ఆ గడ్డినేలలో నూటికి ఐదు వంతులు కూడా ఇప్పుడు మిగల్లేదు. 2008లో కేంద్ర ప్రభుత్వం దీన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చింది. ఇళ్ళకు అనుమతులిస్తూ రాష్ట్రం 15,000 హెక్టార్ల గడ్డిభూమిని కొని కాపాడతామంది, 2020 గడువు పెట్టుకుంది. ఆ ఏడాది ఆడిటర్ జనరల్ చూస్తే కొన్నది దాదాపు పదో వంతు. మన వంటగదుల కింద ఏముండేదో పిల్లలకు తెలియాలి. ఇక్కడి ఆదివాసులైన వడావురుంగ్, బునురోంగ్, వురుంజెరి ప్రజలు ఈ నేలను అదనులో తక్కువ మంటతో కాల్చేవారు. కాల్చకపోతే కంగారూ గడ్డి దుబ్బులు ఒకదాన్నొకటి కమ్మేసి మధ్యలోని పూలమొక్కలు ఊపిరాడక పోతాయి. ఆ ఖాళీల్లో పెరిగేదే ముర్నాంగ్, పసుపు పువ్వు, కింద తియ్యటి దుంప. ఆడవాళ్ళు కర్రలతో తవ్వుకునేవారు, ఆ తవ్వకంతోనే నేల గుల్లబడేది. 1835 తర్వాత గొర్రెలు వచ్చి కొన్నేళ్ళలోనే దాన్ని మొదలంటా మేసేశాయి. ఆ కంగారూ గడ్డి మన దక్కన్ మెరకల మీద కూడా పెరుగుతుంది. మీ తాతలు దాన్ని చూసే ఉంటారు.

మన పిల్లలు చేసింది చెప్పనివ్వండి. ఏడో తరగతివాళ్ళు ఇక్కడి శరదృతువులో వాలబీ గడ్డి అనే స్థానిక గడ్డి గింజలు సన్నటి లోతు కుండీల్లో చల్లారు. గింజను పాతకూడదు, పైన రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని మట్టి మాత్రమే వేసి అదమాలి. మొలకలు వచ్చేదాకా పైతడి ఆరనీయకూడదు. వానలు పడ్డాక చదరపు మీటరుకు నాలుగైదు చొప్పున నాటారు. ఈ గడ్డి వేళ్ళు తినే బంగారు సూర్య చిమ్మటకు (గోల్డెన్ సన్ మాత్) పెద్దయ్యాక నోరే ఉండదు. ఎండ కాసే రోజుల్లో ఎగిరి, జతకట్టి, నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఈ సంగతి తెలుగులో తడుముకోకుండా సందర్శకులకు వివరించిన అమ్మాయిని చూస్తే నాకు కడుపు నిండింది. నాలుగో తరగతి బాబు ఇంకా గట్టివాడు. మొగ్గ తలవంచుకుంటే ముర్నాంగ్, నిటారుగా నిలబడితే కలుపు అని తనంతట తానే కనిపెట్టి, పసుపు పువ్వులన్నీ ఒకటే అనుకుంటున్న ఇద్దరు టీచర్లను సరిదిద్దాడు. ఒకరి పేరు చెప్పను.

కానీ నాటిన వారానికే ఎవరో ఆవుపేడ ఎరువు, చెక్క పొట్టు తెచ్చి పోశారు. గులాబీకి చేసే సేవ ఈ గడ్డికి కీడు. భాస్వరం పెరిగితే క్లోవర్, చిలీ సూదిగడ్డి లాంటి కలుపు లేచి స్థానిక గడ్డిని మింగేస్తాయి. చెక్క పొట్టు ఖాళీలను మూసేస్తుంది. పిల్లలు మధ్యాహ్నమంతా దాన్ని చేతులతో ఎత్తిపోశారు. దయచేసి వాళ్ళను అడగకుండా ఏమీ వేయకండి.

ఇంటి దగ్గర ఇంకో రెండు. ఎలుకల మందు కొనేటప్పుడు డబ్బా మీద బ్రోడిఫకూమ్ అని ఉంటే వద్దు. అది తిన్న ఎలుక వెంటనే చావదు, మగతగా తిరుగుతూ గుడ్లగూబకో మాగ్‌పైకో దొరుకుతుంది, విషం వాటి ఒంట్లోకి చేరుతుంది. గింజల సంచులు గ్యారేజీలో నేల మీద పెట్టకుండా మూతల డబ్బాల్లో పోసి, బోనులు వాడితే మందు అవసరమే ఎక్కువగా రాదు. పళ్ళచెట్లకు, ద్రాక్ష పందిరికి కప్పే వల సంగతి చట్టమే చెబుతోంది. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇళ్ళలో వాడే వల కన్ను, బాగా సాగదీసినా, 5 మిల్లీమీటర్లకు మించకూడదు. వేలు దూరితే ఆ వల పనికిరాదు. పెద్ద కన్ను వలలో గబ్బిలం రెక్క చిక్కి, పెనుగులాడిన కొద్దీ నరాలు తెగుతాయి. అలా చిక్కినదాన్ని మీరు ముట్టుకోవద్దు, గీరితే రేబిస్ లాంటి లిస్సా వైరస్ సోకవచ్చు. పిల్లలను, కుక్కను దూరంగా ఉంచి వైల్డ్‌లైఫ్ విక్టోరియాకు ఫోను చేయండి: 03 8400 7300.

మిగతావి త్వరగా. నాలుగో టర్మ్ ఫీజు మొదటి తరగతి లోపే కట్టాలి. అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఆ వారం ఆలస్యాలకు అది సాకు కాదు. బతుకమ్మకు పూలు పెరట్లోవి, దుకాణంలోవి మాత్రమే తెండి. వాలంటీర్లు పిల్లలతో పనిచేసే అనుమతి కార్డు నకలు ఆఫీసులో ఇవ్వాలి.

ఈ శనివారం ఉదయం తొమ్మిదింటికి పార్కింగు గేటు దగ్గర ఐదో తరగతి పిల్లలు నిలబడి టోపీలు తనిఖీ చేస్తారు. పెద్దలవి కూడా.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు